మడి కట్టుకున్న బూజు

(కర్నూలు, 1955. శ్రావణమాసం, గురువారం మధ్యాహ్నం. సుంకప్ప ఐసు ఫ్యాక్టరీ వాకిలి. వచ్చినవాడు కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పే రామకోటయ్య.)

"తాళంచెవి యాడ పెట్టినానో గుర్తుకు రాలేదు సారూ."

"నీ మొలతాడుకే ఏలాడుతాంది గదా సుంకప్పన్నా."

"ఇదా? ఇది ఇంటిది."

"మీ ఇంటికి తాళం యాల? సిద్దమ్మక్క లోపలే ఉండాది. పొయ్యి పొగ కనపడ్తాంది."

"ఇంట్లో పెట్టెదిలే. ముందు కూసో సారూ, ఎండనపడి వచ్చినావు. ఒక ఐసుఫ్రూటు తిను. ఎర్రదా, పచ్చదా?"

"ఏదైనా తింటా. ముందు నా బుడ్డి తెచ్చియ్యి."

"ఎర్రదాంట్లో పన్నీరు ఏసినా."

"బుడ్డి సుంకప్పన్నా, బుడ్డి! గాజుబుడ్డి. కార్తీకంలో తెచ్చి నీ చేతుల్లో పెట్టినా గదా. లోపల మన్ను. మూతకు లక్క పోసి, పైన కాగితం అంటించి, తొమ్మిది నెలలు ఎవురూ ముట్టుకోవద్దని రాసినా."

"ఓ, ఆ బుడ్డా."

"మల్ల ఏ బుడ్డి అనుకున్నావు?"

"నా కాడ నూటా యాభై సోడాబుడ్లు ఉండాయి సారూ. నువ్వు బుడ్డి అంటే నేను దేన్ని తలుచుకోవల్ల?"

"మన్ను ఉండే బుడ్డి ఒక్కటే గదా. ఉండాదా, లేదా?"

"ఉండాది. ఉండాది. యాడికి పోతుంది?"

"ఐసులోనే ఉండాదా?"

"బలే మాట అడిగినావే. ఐసు ఫ్యాక్టరీలో పెట్టిన బుడ్డి ఐసులో గాక పొయ్యిలో ఉంటుందా?"

"అయితే తలుపు తియ్యి."

"తీస్తాలే. అంత తొందరేమొచ్చింది? తొమ్మిది నెలలు నిండినాయా అసలు?"

"నిన్నటికి నిండినాయి."

"ఒక నెల అటూ ఇటూ అయితే ఏంది సారూ? కాన్పుకే లెక్క తప్పుతాంది."

"నాకు తప్పేదానికి లేదు. ఈ పొద్దు నాలుగు గంటల డాకుకు డెహ్రాడూనుకు ఉత్తరం పోవల్ల. రేపు పొద్దున మా నాయన దిగుతాండాడు."

"ఎవురు, వెంకటరమణయ్య శెట్టిగారా?"

"మా నాయన పేరు నీకెట్ల తెలుసు?"

"నువ్వే చెప్పినావు, ఎప్పుడో."

"నేనా? ఏమో. సరే, ఈ కార్డు విను. 'చిరంజీవి రామకోటికి ఆశీస్సులు. శుక్రవారం పొద్దున బస్సుకు కర్నూలులో దిగుతాను. తలకు స్నానం చేసి, శుచిగా ఉండుము. వెండి భరిణె తెస్తున్నాను. మిగతా విషయములు ముఖాముఖి.' అర్థమైందా?"

"వెండి భరిణె యాల?"

"అంగడిలో గద్దె మీద కూర్చోబెట్టే ముందు నొసట కుంకుమ పెట్టేదానికి. మా అన్నకు ఆ భరిణెతోనే పెట్టినాడు. ఆ పొద్దు బద్వేలు అంగడిలో కూర్చున్నోడు ఈ పొద్దుటికీ లేవలేదు. ఇంగువ, లవంగం, కర్పూరం, మళ్ళీ ఇంగువ. వాడు పక్కన కూర్చుంటే చాలు, చారు గుర్తొస్తుంది నాకు."

"ఇంగువకేమి సారూ, మంచి యాపారం."

"నాకు చెట్లు కావల్ల. చిన్నప్పటి నుంచీ అదే పిచ్చి. మా నాయన కాళ్ళు పట్టుకొని తొమ్మిది నెలలు గడువు తెచ్చుకున్నా. ఈ లోపల డెహ్రాడూను అడివి కాలేజీ సారు కాడి నుంచి పిలుపు వస్తే నా దారి నాది. రాకపోతే కాలేజీ ఇడిసిపెట్టి ఇంగువ తూచల్ల. మాటిచ్చినా."

"మరి ఆ డెహ్రాడూను సారు ఏమంటాడు?"

"ఆ మన్ను పంపించిందే ఆయన. 'ఐసులో తొమ్మిది నెలలు పెట్టు. తీసినాక దాంట్లో బూజు బతికుంటే నాకు రాయి, నిన్ను నా కాడికి పిలిపించుకుంటా' అన్నాడు."

"అంటే బూజు బతికితే నువ్వు బతుకుతావు."

"అంతే అనుకో."

"కాలం చూడు! మా ఇంట్లో బూజు కనపడితే సిద్దమ్మ చీపురు తీస్తుంది. నువ్వేమో దానికి ఆయుష్షు అడుగుతాండావు."

"ఇది గోడ బూజు కాదన్నా, వేరు బూజు. మంచుకొండల్లో పైను చెట్ల వేర్లను చుట్టుకొని ఉంటుంది. నూలుపోగు కంటే సన్నం. చెట్టు వేరు దూరలేని సందుల్లోకి ఇది దూరి, నీళ్ళూ సారమూ తెచ్చి చెట్టుకిస్తుంది. చెట్టు దీనికి చక్కెర పెడుతుంది."

"మొగుడూ పెండ్లాల మాదిరి."

"మీ ఇద్దరి మాదిరి కాదులే, ఇది కొట్లాడదు. ఇది లేకుంటే పైను చెట్టు పెరగదు. కాలేజీ పెరట్లో పన్నెండు కుండల్లో గింజలు ఏసినా గదా, పదకొండు ఇప్పటికీ పసుపుకొమ్ముల మాదిరి పాలిపోయి ఉండాయి."

"పన్నెండోది?"

"పన్నెండోది నీకే ఇస్తి గదా, ఐసు పక్కన చల్లగా ఉంటుందని. ఈపాటికి చచ్చే ఉంటుంది."

"దాని సంగతి నాకు తెలీదు సారూ. పెరడు సిద్దమ్మది."

"పెరడు తర్వాత. తలుపు తియ్యి."

"ఒక్క అనుమానం సారూ. నిజంగా అడుగుతాండా. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి గదా. నేను కొత్తలో తెలీక తొట్టిలో పెట్టి ఎన్ని సోడాబుడ్లు పగలగొట్టినానో. బూజు కడుపులోనూ నీళ్ళే గదా ఉండేది? ఆర్నెల్లు మంచులో ఉంటే అది మాత్రం పగలదా?"

"సుంకప్పన్నా!"

"తప్పుగా అడిగినానా?"

"డెహ్రాడూను సారు నన్ను అడిగింది కూడా ఇదే."

"ఆయప్ప కూడా సోడాబుడ్లు పగలగొట్టినాడేమో."

"నా ఊహ చెప్తా, విను. చలి ముదిరేలోపల ఈ బూజు కడుపులో చక్కెర కూడబెట్టుకుంటుంది. పుట్టగొడుగుల్లో ఒక రకం చక్కెర ఉంటుందని పాతకాలం నుంచే తెలుసు. ఆ చక్కెర ఉంటే నీళ్ళు తొందరగా గడ్డకట్టవని నేనంటాండా. కానీ చూపించేది ఎట్ల?"

"దాన్ని చూపించేదేముంది? పోయిన ఏడు, రాజధాని వచ్చినాక డేరాల్లో దిగిన ఆఫీసరు ఒకాయప్ప కూతురు పెండ్లికి ఐదొందల ఐసుఫ్రూట్లు చెప్పినాడు. గొప్పోళ్ళు తింటారు, తీపి బాగుండల్లని సిద్దమ్మ పాకం రెండింతలు పోసింది. తెల్లారి పుల్ల పట్టుకొని గుంజితే పుల్లే వచ్చింది. ఐసు రాలేదు. పెండ్లిలో అందరికీ లోటాల్లో పోసి పానకమని ఇచ్చినాం."

"అంటే తీపి ఎక్కువైతే..."

"గడ్డకట్టదు సారూ. ఐసుఫ్రూటు చేసే ఎవున్ని అడిగినా చెప్తాడు. ఇంగ ఉప్పు సంగతి అడుగు. దిమ్మె చేసే తొట్టిలో మేము పోసేది ఉప్పునీళ్ళు. అవి ఐసు కంటే చల్లగా ఉంటాయి, చెయ్యి పెడితే కొరికినట్లుంటుంది. ఐనా గడ్డకట్టవు."

"ఆగు, ఆగు. రాసుకుంటా. 'పాకం... రెండింతలు... పుల్ల...' ఎనిమిదేండ్లు చదివినా నేను. నువ్వు ఒక్క పెండ్లిలో నేర్చుకుంటివి."

"ఆ పెండ్లి దుడ్లు మాత్రం రాలేదు."

"ఇంకోటి ఉండాది. గడ్డకట్టేది మొదట బూజు బయట ఉండే నీళ్ళు. బయట గడ్డకట్టేకొద్దీ లోపలి నీళ్ళను గుంజుకుంటాయి. చుట్టూ నీళ్ళే, తాగేదానికి చుక్క లేదు. నన్నడిగితే అది చలికి చచ్చేది కాదన్నా, దాహంతో చచ్చేది."

"దాన్ని మా పక్క కరువంటారు."

"ఏంది?"

"కరువు సారూ. నీళ్ళు లేకుండా చచ్చేదాన్ని ఇంకేమంటారు? పాపం, మంచుకొండల్లో కూడా కరువేనా! మరి అప్పుడేం చేస్తుందంట?"

"దారాలన్నీ ముడుచుకుంటుంది. గట్టి ఉండ మాదిరి అయిపోయి కదలకుండా పడుకుంటుంది. మంచి కాలం వచ్చిందాకా."

"మేమూ అంతే. గాదెలో నాలుగు గింజలు పెట్టుకొని, మూతకు మన్ను మెత్తి, ఎక్కువ మాట్లాడకుండా పడుంటాం."

"నువ్వు ఎక్కువ మాట్లాడకుండా ఉన్నింది నేనెప్పుడూ చూడలేదు. ఇంగ తియ్యి తలుపు."

"తీస్తా గదా..."

"ఏమయ్యా, ఆ పిల్లోన్ని ఎండలో కూర్చోబెట్టి ఎంతసేపు కథలు చెప్తావు? రామకోటప్పా, నీ బుడ్డి నా కాడ ఉండాది."

"సిద్దమ్మా! నువ్వు లోపలికి పో."

"నేను యాల పోవల్ల? పూజకు పూలు కోస్తాంటే మీ మాటలన్నీ ఇనపడ్తాండాయి. ఇదోప్పా, తీసుకో. శుభ్రంగా కడిగి బోర్లించినా."

"కడిగి... సిద్దమ్మక్కా, లోపల మన్ను?"

"పంచినా."

"ఏం చేసినావు?"

"పంచినానప్పా. వీధిలో తలా ఒక చిటికె. ఒక్కరినీ తప్పీలేదు."

"పంచినావా? అదేమన్నా బెల్లమా, పంచేదానికి?"

"బెల్లమైతే దాచుకుందును. కైలాసం మన్ను దాచుకుంటే పాపం గదా."

"కైలాసమా! ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వే. మంచుకొండల నుంచి వచ్చిందంటివి. మంచుకొండంటే కైలాసం గాక ఆదోని కొండా?"

"సిమ్లా పక్కన అడివక్కా అది!"

"నాకేం తెలుసప్పా? నేల మీద పెట్టొద్దంటివి. ఎంగిలి చేత్తో ముట్టొద్దంటివి. ముట్టేముందు మోచేతుల దాకా కడుక్కోమంటివి. వేరే మన్ను తగలగూడదంటివి. చల్లని తావులోనే ఉండల్లంటివి. తూర్పు దిక్కు తిరిగి మూత తీయమంటివి..."

"తూర్పు నేను చెప్పలేదు!"

"అది నేను కలుపుకున్యాలే. మిగతావన్నీ నువ్వు చెప్పినవే గదా? ఇదంతా మడి గాకపోతే ఏంది?"

"శుభ్రం అక్కా, శుభ్రం! ఇంకో బూజు వచ్చి దాంట్లో కలవకుండా!"

"మడంటే అదే గదప్పా. ఇంకోటి కలవకుండా."

"సుంకప్పన్నా, ఉండాది, ఉండాది అంటివే!"

"బుడ్డి ఉండాదన్నా సారూ. మన్ను ఉండాదని నేనెప్పుడన్నా?"

"ఎప్పుడు పంచినావక్కా?"

"ఏరువాక పున్నమినాడు."

"రెండు నెలలాయె! ఇంగేముంది, అయిపోయింది. ఈ పొద్దు ఉత్తరంలో ఏం రాయల్ల? అయ్యా, మీ బూజును మా వీధి ఆడోళ్ళు కండ్లకద్దుకున్నారు అని రాయల్లా?"

"ఏడుస్తాండావా?"

"లేదక్కా. ఇంగువ వాసన ఇప్పుడే ముక్కుకు తగులుతాంది."

"ఊరుకోప్పా, ఊరుకో. నీకు కీడు చేయల్లని చేసినానా? తలకు పోసుకొని, తడిబట్టతో, ఉద్ధరిణిని మసిలే నీళ్ళలో కడిగి, అప్పుడు తీసినా."

"మసిలే నీళ్ళలోనా?"

"ముట్టుకుంటే బొబ్బలెక్కేటివి. మూతి దగ్గర గాలి కూడా ఊదలేదు. ఎంగిలి పడుతుందని నోటికి కొంగు కట్టుకున్యా."

"నోటికి కొంగు... మా కాలేజీ అటెండరు ఓబన్నకు మూడేండ్ల నుంచి చెప్తాండా. వక్కాకు నములుతా వచ్చి, ఆ చేత్తోనే నా గాజు పళ్ళాలు తీస్తాడు. అక్కా, నిదానంగా చెప్పు. ఆ మన్ను తీసుకపోయి ఎవురెవురు ఏం చేసినారు?"

"హనుమంతమ్మ తులసికోటలో ఏసింది. నరసన్న పెండ్లాము తాయెత్తులో కట్టించింది. మిగతా వాండ్లు పూజలో పెట్టుకున్యారు."

"ఆ తులసి ఎట్లుంది?"

"తులసి మాదిరే ఉండాది. దానికేమొస్తుంది?"

"సరే, దానికి ఈ బూజుతో పనిలేదు. వేరే చెట్టుకు ఎవురైనా ఏసినారా?"

"నేనేసినా. నీ కామెర్ల చెట్టుకు."

"ఏ చెట్టు?"

"నువ్విచ్చిన సూదుల చెట్టప్పా. పసుపు పూసినట్ల ఉన్నింది గదా, అందుకే కామెర్ల చెట్టని పేరు పెట్టినా."

"పైను చెట్టుకా? ఆ మన్ను... దానికి ఏసినావా?"

"ఏయకుండా ఎట్ల ఉండేది? అహోబిలం పక్క నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పుడు నాకు పదహైదేండ్లు. మూడు నెలలు అన్నం గొంతు దిగలేదు, మొగమంతా పాలిపోయింది. ఈయప్ప వైద్యుని కాడికి తిప్పినాడు. మా అమ్మేమో మా పెరటి మన్ను రవ్వంత మూటగట్టి పంపించింది. నీళ్ళలో కలుపుకొని తాగమని, ఊరు పడుతుందని. తాగినా. ఊరు పట్టింది. నీ చెట్టు కూడా యాడ్నుంచో ఈ ఎండల్లోకి వచ్చి, పలకరించే దిక్కు లేక పసుపుబారిపోతాంది. ఈ మన్ను దాని పుట్టింటిదే గదా అనిపించింది నాకు. అందరికీ చిటికె ఇచ్చినా, దానికి మాత్రం ఉద్ధరిణెడు ఏసినా."

"ఇప్పుడు... ఎట్లుంది అది?"

"చిలక మాదిరి ఉండాది. పెరట్లోకి పోయి చూసుకో."

"మెల్లిగా సారూ! వాకిట్లో తొట్టి ఉండాది, తగులుతుంది!"

"అక్కా... ఇది నేనిచ్చిన చెట్టేనా?"

"కర్నూల్లో ఇంకోటి యాడ దొరుకుతుందప్పా మార్చేదానికి?"

"ఇంత పచ్చగా... అక్కా, ఒక చిన్న పుల్ల ఇయ్యి."

"పెరికేవు!"

"పెరకను, నీ మీద ఒట్టు. పక్కన రవ్వంత గీకి ఒక్క వేరు చూస్తా. సుంకప్పన్నా, నీ నీడ పడతాంది, జరుగు. నా భూతద్దం యాడ... ఇదో. చూడండి. వేరు కొన చూడండి. రెండుగా చీలింది, జింకకొమ్ము మాదిరి. దాని మీద తెల్లగా ఏముంది?"

"నూలు."

"నూలు కాదన్నా."

"బూజా?"

"బూజే! బతికుండాది! సిద్దమ్మక్కా, నీ కాళ్ళు ఇట్ల ఇయ్యి, మొక్కుతా!"

"ఒరే ఒరే, లెయ్యప్పా! అంత గట్టిగా అరవద్దు, చెట్టుకు దిష్టి తగులుతుంది."

"కాగితం! కలం! ఎన్ని గంటలైంది?"

"మూడున్నర. ఈ పీట మీద కూసోని రాయి సారూ. ఏం రాస్తాండావో తెలుగులో చెప్తా రాయి, మేమూ వింటాం."

"'అయ్యా, నమస్కారములు. తమరు పంపిన మన్ను కార్తీకమాసము నుండి ఏడు నెలలు ఎడతెగకుండా ఐసులో ఉంచబడినది. అందులోని బూజు నేటికిని సజీవముగా...'"

"సారూ."

"ఏందన్నా?"

"ఆ 'ఎడతెగకుండా' అనే మాట కొట్టేయ్."

"ఎందుకు?"

"ఊరికే. వినేదానికి బాగలేదు."

"దాని మీదనే గదా అంతా ఉండేది. 'ఎడతెగకుండా ఐసులో...'"

"ఆ 'ఐసులో' అనేది కూడా రవ్వంత..."

"సుంకప్పన్నా. తలుపు తియ్యి."

"తాళంచెవి..."

"తియ్యయ్యా. ఎన్నాళ్ళు దాస్తావు? నీకు చేతకాకపోతే నేను తీస్తా."

"వద్దులే సిద్దమ్మా, నేనే తీస్తా. చూడు సారూ. తొట్టి ఎండిపోయింది. మోటరు కాలిపోయింది."

"ఎప్పుడు?"

"ఉగాది మర్నాడు."

"ఉగాదా! అంటే చైత్రం, వైశాఖం, ఏరువాక పున్నమి దాకా... బుడ్డి యాడ ఉన్నింది?"

"ఈ గూట్లోనే."

"ఈ రేకుల కింద? ఆ ఎండల్లో?"

"సిద్దమ్మ ఈడ వడియాలు పెడితే ఒక్క పూటకు ఎండినాయి సారూ."

"అయితే ఊరంతా అమ్ముతాండే ఐసు?"

"గుంతకల్లుది. ఊకలో పెట్టి రైల్లో తెప్పిస్తాండా. రాజధాని ఊరాయె. పెద్దపెద్దోళ్ళంతా 'సుంకప్ప ఐసు, సుంకప్ప ఐసు' అంటాంటే, సుంకప్ప కాడ ఐసు లేదని ఏ నోటితో చెప్పేది?"

"వాళ్ళకు చెప్పొద్దు. నాకు చెప్పల్ల గదా!"

"నీకు ముందే చెబుదామనుకున్యా. బుడ్డి తీసుకొని వేరే తావుకు పోతావేమోనని నోరు రాలేదు. సాయంత్రమైతే వచ్చి చెట్ల గురించి చెప్తావు. నా కాడికి వచ్చేటోళ్ళందరూ ఐసు ధర అడిగేటోళ్ళే సారూ. పుట్టగొడుగు ఎట్ల పుడుతుందో చెప్పేటోడు నువ్వొక్కనివే. సిగ్గు లేకుండా చెప్తాండా, నువ్వు రాకపోతే నాకు పొద్దుపోదు."

"ఆగన్నా, నెలలు లెక్కపెట్టుకోనీ."

"తిట్టు సారూ. తిడితే బాగుంటుంది."

"ఐసులో ఉన్నింది ఐదు నెలల లోపు. తర్వాత డెబ్బై రోజులు పొయ్యిలో."

"నేను అప్పుడే అంటి గదా, పొయ్యిలో ఉంటుందా అని. ఒక మాట చెప్తా. రాసింది రాసినట్లే పంపించు. ఎవురికి తెలుస్తుంది? నేను చెప్పను, సిద్దమ్మ చెప్పదు."

"నేను చెప్తా. మడితో పట్టుకున్నదాని మీద అబద్ధం రాస్తే ఆ చెట్టు మళ్ళా పసుపుబారుతుంది."

"నువ్వు ఊరుకోవే. పిల్లోని బతుకు ఉండాది దాంట్లో."

"ఇద్దరూ ఆగండి. అన్నా, ఇందాక నువ్వు ఒక మాట అంటివి. ఏమంటివి?"

"ఎర్రదాంట్లో పన్నీరు ఏసినా అంటి."

"అది కాదు. చలిని ఏమంటివి?"

"కరువంటి."

"కరువు! మంచులోనూ దాహమే, ఎండలోనూ దాహమే. దానికి రెండూ ఒకటే కరువు! చలి కోసం కూడబెట్టుకున్న చక్కెరతోనే ఎండ కూడా దాటిందేమో. అదే ఉండ, అదే నిద్ర. అన్నా, ఇది మంచుకొండల జీవి, మన ఎండకు చస్తుందని గదా నేను భయపడింది? దీనికి కరువు కొత్తా?"

"మన సీమోడే అను."

"మన సీమోడే! ఇట్లియ్యి ఆ కాగితం. మొదటి నుంచి రాస్తా. 'అయ్యా, నా ఐసు ఐదు నెలలకు లోపే చెడిపోయినది. పిమ్మట డెబ్బై దినములు ఆ మన్ను కర్నూలు ఎండలో రేకుల కింద ఉన్నది. అయినను బూజు బతికినది. చలికి తట్టుకొను ఉపాయముతోనే ఎండకును తట్టుకొన్నదని నా ఊహ. ఇది తేల్చుటకు మీ ఊరి ఎండ చాలదు. కావున నన్ను అక్కడికి పిలవవలదు. తమరే వైశాఖమాసములో ఇక్కడికి దయచేయవలెను.'"

"సారూ, సారూ! పిలవొద్దని నువ్వే రాస్తే ఎట్ల? రేపు మీ నాయన?"

"తెలుసన్నా. మాటిచ్చినా గదా. రేపు తలకు పోసుకొని, ఆ భరిణె ముందు నొసలు వంచుతా. పగలు ఇంగువ తూస్తా. ఆ పదకొండు కుండలూ ఈడికే తెచ్చి పెడతా, అక్క చూసుకుంటుంది. ఏడాదికోసారి రానీకుండా ఉంటాడా మా నాయన? ఏడుపు వస్తాంది గానీ, అబద్ధం రాసి డెహ్రాడూనులో కూర్చుంటే ఈ చెట్టు మొగం ఎట్ల చూసేది?"

"ఏమే సిద్దమ్మా."

"ఏంది?"

"చెప్పేద్దామా?"

"చెప్పొద్దని ఆయప్ప ఒట్టు పెట్టించుకున్యాడు గదా."

"పిల్లోడు ఏడుస్తాండాడే!"

"ఏంది? ఇంకేం దాచినారు మీరిద్దరూ?"

"పున్నమి దాటినాక నువ్వు వారం రోజులు అహోబిలం అడివికి పోయింటివి గదా సారూ. అప్పుడు మీ నాయన వచ్చినాడు."

"మా నాయనా? ఈడికా?"

"కాలేజీలో అడిగితే, ఐసు ఫ్యాక్టరీలోనే ఉంటాడని చెప్పినారంట. నువ్వేం చేస్తాండావో చూసిపోదామని వచ్చినాడు. ఎండనపడి వచ్చినాడని సిద్దమ్మ మజ్జిగిచ్చింది. మజ్జిగతో పాటు..."

"అక్కా! ఇయ్యలేదని చెప్పు!"

"ఇవ్వకుండా ఎట్ల ఉంటానప్పా? తెప్పించినోని నాయన గదా. కామెర్ల చెట్టు కుండలో నుంచి తీసిచ్చిన చిటికె కండ్లకద్దుకొని, పై పంచ కొనకు ముడేసుకొని, కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు. 'మావాడు ఎప్పుడు చూసినా బూజు, బూజు అంటాడు తల్లీ. కైలాసం మన్ను తెప్పించినానని ఒక్కసారైనా చెప్పలేదే. ఇట్లాంటోన్ని గద్దె మీద కట్టేస్తే నాకు పుట్టగతులుంటాయా?' అన్యాడు."

"అది కైలాసం కాదక్కా!"

"ఆ మాట రేపు నువ్వే చెప్పుకో. మీ అమ్మ ఆ చిటికె పూజలో పెట్టినాక బద్వేలు బజారంతా మాకూ మాకూ అంటాండారని మీ నాయన కబురు పంపినాడు. ఇత్తడి పనికిరాదని, తీసుకునే చెయ్యి తలకు పోసుకున్న చెయ్యే అయి ఉండల్లని చెప్పి పంపింది నేనే. ఆ వెండి భరిణె నీ నొసటికి కాదప్పా, నా మన్నుకు."